‘వైట్ ఎలిఫెంట్’ అంటే పనికిరాని వస్తువు కాదా? మరి గదిలో ఉన్న ఏనుగు సంగతేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చి తిరుపతిలో గది తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నారు. నమూనా పరీక్షలో ‘వైట్ ఎలిఫెంట్’ అన్న ఇంగ్లీషు జాతీయానికి ‘పనికిరాని వస్తువు’ అని గుర్తు పెడితే తప్పన్నారు. మీ గదిలో ఉండే స్నేహితుడేమో ‘ఎలిఫెంట్ ఇన్ ద రూమ్’ అన్నా అర్థం ఇదేనన్నాడు. ఏది సరైనది, మామూలు మాటల్లో దీన్ని ఎక్కడ వాడాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ‘వైట్ ఎలిఫెంట్’ అంటే మేపలేక, వదిలించుకోలేక అవస్థ పడే ఆస్తి. పనికిరాకపోవడం అందులో ఒక పాలు మాత్రమే. మీరు పెట్టిన జవాబు సగం సరైనది, పరీక్షలో సగం సరైనదానికి మార్కు ఇవ్వరు. ఇక ‘ఎలిఫెంట్ ఇన్ ద రూమ్’ పూర్తిగా వేరే సంగతి. అందరికీ కనిపిస్తున్నా ఎవరూ నోరెత్తని విషయం అది. మీ స్నేహితుడికి రెండింటిలోనూ ఏనుగు కనిపించింది, అంతే.

నేను ముప్పై ఏళ్ళు తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. పదవీ విరమణ తర్వాత కూడా సాయంత్రం పూట మీలాంటి వాళ్ళు పదిమంది ఇంటికి వస్తుంటారు. ఈ రెండు ఏనుగులూ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరిని తొక్కుతూనే ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పైన ‘మేపలేక’ అన్న మాట వాడాను చూడండి, అది నాకు ఏ నిఘంటువూ నేర్పలేదు. చాలా ఏళ్ళ కిందట తరగతిలో ఈ జాతీయం చెబుతున్నాను. వెనక బల్ల మీది పిల్లవాడొకడు, వాళ్ళ నాన్నకు సొంత లారీ ఉండేది, లేచి ‘అంటే మా నాన్న లారీని మేపుతున్నట్టా సార్?’ అన్నాడు. తరగతి గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అంతకంటే మంచి అర్థం నేను అప్పటిదాకా చెప్పలేదు. ఆ లారీ ఏడాదిలో సగం రోజులు రేణిగుంట రోడ్డులో షెడ్డు దగ్గరే నిలబడేది. పన్ను కట్టాలి, బీమా కట్టాలి, టైర్లు మార్చాలి, నెలనెలా ఫైనాన్సు వాయిదా తీర్చాలి. పోనీ అమ్మేద్దామంటే, అప్పు మొత్తం తీరితే గాని ఫైనాన్సువాళ్ళు ఎన్‌ఓసీ ఇవ్వరు. తిండి పెట్టాలి, తోలేయడానికి లేదు. ఇంగ్లీషువాళ్ళు తెల్ల ఏనుగు అన్నదీ సరిగ్గా దీన్నే.

మన భాషలో ఈ ‘మేపడం’ ఎంత సహజంగా వస్తుందో గమనించండి. ‘ఆ కారును మేపలేకపోతున్నాను’ అంటాం. పని చేయని మేనల్లుడిని ‘కూర్చోబెట్టి మేపుతున్నారు’ అంటాం. కాబట్టి నా పిల్లలకు నేను ఇచ్చే పరీక్ష ఇదే. ఏదైనా వస్తువు గురించి ‘దీన్ని మేపుతున్నాను, వదిలించుకుందామంటే కుదరడం లేదు’ అని నోటికి వస్తే అక్కడ ‘వైట్ ఎలిఫెంట్’ పనికొస్తుంది. రెండు ముక్కల్లో ఏ ఒక్కటి అతకకపోయినా వాడకండి.

మీది చిత్తూరు జిల్లా కాబట్టి అక్కడి సంగతులతోనే సరిచూద్దాం.

మామిడి తోట ఉంది. తోతాపురి ధర పడిపోయింది, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుస, కోత కూలి కూడా రాలేదు. తోట తెల్ల ఏనుగా? కాదు. అది నష్టం. వచ్చే ఏడాది పూత బాగుంటే, ధర నిలబడితే అదే తోట ఇల్లు నిలబెడుతుంది. నష్టం వచ్చిన ప్రతిదాన్నీ తెల్ల ఏనుగు అనకూడదు.

బోరు వేయించారు. వెయ్యి అడుగులు దిగినా దుమ్ము తప్ప నీళ్ళు లేవు. ఇది తెల్ల ఏనుగా? ఇదీ కాదు. డబ్బు పోయింది, గుండె మండింది, అక్కడితో కథ అయిపోయింది. ఎండిపోయిన బోరు మళ్ళీ మిమ్మల్ని తిండి అడగదు. దానికి ఇంగ్లీషులో వేరే మాటలున్నాయి, ఇప్పుడు వాటి జోలికి వద్దు.

వట్టిపోయిన ఆవు ఉంది. ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించాలి. పాలు లేవు, దాణా తప్పదు, గడ్డి తప్పదు, పశువుల డాక్టరు ఖర్చు తప్పదు. ఇంట్లో పుట్టి పెరిగిన ఆవును సంతకు తోలడానికి మనసు రాదు. పాడి మీద బతికే మీ వైపు ఊళ్ళలో ఇది ఎవరికీ వివరించనవసరం లేని కష్టం. లెక్క ప్రకారం జాతీయం అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అయినా ఆ రైతు ముందు మీరు ఆ మాట అన్నారనుకోండి, మళ్ళీ మీకు మజ్జిగ కూడా పోయడు. ఎందుకంటే ఈ జాతీయంలో ఒక వెటకారం ఉంది. ‘నీకు తెలివి లేక దీన్ని మోస్తున్నావు’ అన్న ధ్వని ఉంది. ప్రేమతో మోసేవాటికి ఆ మాట తగలకూడదు.

ఇంతకీ ఏనుగు తెల్లగా ఎందుకయింది అన్నది ఆసక్తికరమైన కథ. అందులో సగం కట్టుకథ కూడా.

అందరూ చెప్పేది ఇది: సయాం రాజు, అంటే ఇప్పటి థాయిలాండ్ రాజు, తనకు గిట్టని కొలువుదారుకు తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చేవాడట. రాజు ఇచ్చిందాన్ని కాదనలేడు. పవిత్రమైన జంతువు కాబట్టి పనికి పెట్టలేడు, అమ్మలేడు, ఇంకొకరికి ఇవ్వలేడు. ఎదిగిన ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది. అరవై ఏళ్ళ దాకా బతుకుతుంది. అంటే కొలువుదారు ఆస్తి అయిపోతుంది గాని ఏనుగు ఆయువు అయిపోదు. శిక్ష వేసినట్టూ ఉండదు, శిక్ష పడనూ పడుతుంది.

కథ ఎంత బాగుందో చూడండి. అయితే సయాం రాజులు నిజంగా అలా చేశారనడానికి చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఆలోచిస్తే దొరకకపోవడమే సహజం అనిపిస్తుంది. అక్కడ తెల్ల ఏనుగు అంటే రాజు అదృష్టానికి, ధర్మపాలనకు గుర్తు. 1563లో బర్మా రాజు బయిన్నౌంగ్ అప్పటి సయాం రాజధాని అయుత్తయను ఏలే రాజును రెండు తెల్ల ఏనుగులు పంపమన్నాడు. ఆయన పంపలేదు. దాని మీద యుద్ధమే జరిగింది, చరిత్రలో దానికి తెల్ల ఏనుగుల యుద్ధం అనే పేరు. సయాం జెండా మీద 20వ శతాబ్దం మొదటి దాకా తెల్ల ఏనుగు బొమ్మే ఉండేది, ఇప్పటి మూడు రంగుల జెండా 1917లో వచ్చింది. యుద్ధం చేసి మరీ తెచ్చుకునే ఏనుగును గిట్టనివాడి ఇంటికి ఎవరైనా తోలుతారా? ఆ కథ బయటివాళ్ళు అల్లుకున్నది అనే నా నమ్మకం. 19వ శతాబ్దంలో ఇంగ్లీషులో ఈ జాతీయం బాగా వాడుకలోకి వచ్చింది, కథ కూడా దాని వెంట నడిచింది.

మరో సంగతి, తెల్ల ఏనుగు తెల్లగా ఉండదు. ఒంటి రంగు పాలిపోయి, తడిస్తే కొంచెం గులాబీ ఛాయ వస్తుంది, గోళ్ళూ కనురెప్పల వెంట్రుకలూ లేతరంగులో ఉంటాయి, అంతే. 1884లో బార్నమ్ అనే అమెరికా సర్కస్ యజమాని బోలెడు ఖర్చు పెట్టి బర్మా నుంచి ఒక తెల్ల ఏనుగును న్యూయార్క్‌కు తెప్పించాడు. చూడవచ్చిన జనం ‘ఇదేమిటి, బూడిదరంగు మీద మచ్చలు!’ అని పెదవి విరిచారు. ఆయన పోటీదారు ఒకడు మామూలు ఏనుగుకు తెల్లరంగు పూసి ఇదే అసలుదని ఆడించాడు. జనానికి రంగు పూసినదే నచ్చింది. తెల్ల ఏనుగును కొన్నవాడికి ఏం మిగులుతుందో బార్నమ్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు.

ఇక మన దగ్గరికి వస్తే తిరుపతి పిల్లలకు ఈ జాతీయంతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకు తెల్ల ఏనుగు అనగానే ఐరావతం గుర్తొస్తుంది. పాలసముద్రం చిలికితే పుట్టింది, ఇంద్రుడు ఎక్కి తిరిగేది. కొండ మీద బ్రహ్మోత్సవాల్లో ఆరో రోజు రాత్రి స్వామివారు గజవాహనం మీద ఊరేగుతుంటే మాడవీధుల్లో చేతులెత్తి మొక్కుతాం. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లవాడికి ‘తెల్ల ఏనుగు’ తిట్టు ఎలా అవుతుంది? నా దగ్గర చదివిన అమ్మాయి ఒకరు, చురుకైన పిల్ల, ‘మా కుటుంబం’ అన్న వ్యాసంలో వాళ్ళ తాతను తమ ఇంటి ‘వైట్ ఎలిఫెంట్’ అని రాసింది. ఊళ్ళో అందరూ గౌరవించే పెద్దమనిషి అని ఆమె భావం. తినడం తప్ప పనికిరాని ముసలాయన అని ఇంగ్లీషు అర్థం. నేను ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టి ఆ అమ్మాయిని పిలిచి నెమ్మదిగా చెప్పాను. పాపం, ఏడ్చినంత పని చేసింది. మనుషులకు ఈ జాతీయం వాడకండి. ముసలివాళ్ళకు అసలే వద్దు. ఇది ఆస్తులకు, కట్టడాలకు, పథకాలకు, యంత్రాలకు.

తమాషా ఏమిటంటే సయాం వాళ్ళ భక్తి కూడా మన కథల్లోంచి వెళ్ళిందే. థాయిలాండ్‌లో ‘ఎరావాన్’ అని పిలిచే మూడు తలల ఏనుగు మన ఐరావతమే. దానికి తోడు బుద్ధుడు కడుపులో పడేముందు మాయాదేవి కలలో తెల్ల ఏనుగు కనిపించిందన్న కథ ఉంది. ఇక్కడి నుంచి దేవుడి వాహనంగా బయలుదేరిన ఏనుగు సముద్రం దాటి రాజచిహ్నమైంది. అక్కడి నుంచి ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి దండగమారి ఖర్చు అయింది. చివరికి మన పత్రికల్లోకే ‘ప్రభుత్వానికి తెల్ల ఏనుగులా మారిన భవనం’ అంటూ తిరిగొచ్చింది. పుట్టింటికి ఇంతగా మారిపోయి తిరిగొచ్చిన మాట ఇంకొకటి నాకు తట్టడం లేదు.

తెలుగులో ‘తెల్ల ఏనుగు’ అని రాయవచ్చా అంటే, రాస్తున్నారు, చదివేవాళ్ళకు అర్థమవుతోంది, ఇప్పుడు మనం కాదన్నంత మాత్రాన ఆగదు. నాకు మాత్రం అంత ఇష్టం ఉండదు. చాలామంది దీనికి సమానంగా ‘గుదిబండ’ చెబుతారు. దగ్గరిదే గాని ఒకటి కాదు. గుది అంటే కట్టు తెంచుకుని పొలాల మీద పడే పశువు మెడకు వేలాడదీసే కొయ్య. అది నడకకు అడ్డం పడుతుంది, కానీ మేత అడగదు. అప్పు గుదిబండ అవుతుంది, వాడని భవనం తెల్ల ఏనుగు అవుతుంది. ‘తద్దినం కొని తెచ్చుకున్నట్టు’ అన్నది ఇంకాస్త దగ్గర, అందులో ఖర్చూ ఉంది, స్వయంకృతమూ ఉంది. ‘ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే’ అన్న సామెతను మాత్రం ఇక్కడికి తేకండి. అది ఏనుగు విలువను పొగిడే సామెత, పూర్తిగా ఎదురు దిక్కు.

ప్రపంచంలో పెద్ద ఉదాహరణ కావాలంటే కెనడాలోని మాంట్రియల్ స్టేడియం చెప్పండి. 1976 ఒలింపిక్స్ కోసం కట్టారు. ఆటలు రెండు వారాల్లో అయిపోయాయి, అప్పు తీరడానికి 2006 దాకా పట్టింది. అంటే ముప్పై ఏళ్ళు. ఆ తర్వాతా పైకప్పు మరమ్మతులు వదల్లేదు. కూల్చేయడమూ తేలిక కాదు. మేత ఉంది, వదిలించుకోలేకపోవడం ఉంది. వ్యాసాల్లో వాడటానికి ఇది భద్రమైన ఉదాహరణ. ఇంటర్వ్యూలో మాత్రం మన ప్రభుత్వ సంస్థల పేర్లు పట్టుకుని తెల్ల ఏనుగులు అనకండి. నా విద్యార్థి ఒకడు ఉత్సాహంగా అలాగే అన్నాడు, బల్ల అవతల కూర్చున్న పెద్దాయన సరిగ్గా ఆ సంస్థలోనే జీవితమంతా పనిచేసి వచ్చినవాడు.

అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక చిన్న హెచ్చరిక. అక్కడి ఆఫీసుల్లో డిసెంబరులో ‘వైట్ ఎలిఫెంట్’ పేరుతో బహుమతుల ఆట ఆడతారు. ప్రతివాళ్ళూ ఒక పొట్లం తెస్తారు, చీటీలు తీస్తారు, వంతు వచ్చినవాళ్ళు కొత్త పొట్లం విప్పవచ్చు లేదా ముందువాడు విప్పినది లాక్కోవచ్చు. ఇంట్లో పడి ఉన్న పనికిరానిది, నవ్వు పుట్టించేది తేవడమే అందులో సరదా. నా పాత విద్యార్థి ఒకడు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఈ సంగతి తెలియక శ్రీకాళహస్తి నుంచి తెచ్చుకున్న కలంకారీ వస్త్రాన్ని చక్కగా చుట్టి తీసుకెళ్ళాడు. దాన్ని ముగ్గురు ఒకరి దగ్గర నుంచి ఒకరు లాక్కున్నారట. మనవాడికి దక్కింది మీట నొక్కితే పాట పాడే ప్లాస్టిక్ చేప. ఫోనులో ఆ చేప పాట నాకు వినిపించాడు కూడా.

ఇప్పుడు రెండో ఏనుగు.

‘ఎలిఫెంట్ ఇన్ ద రూమ్’ గురించి నాకు మంచి పాఠం పలమనేరులో దొరికింది. ఉపాధ్యాయుల శిక్షణ తరగతికి పిలిస్తే వెళ్ళాను. ‘ఈ గదిలో ఒక ఏనుగు ఉందనుకోండి’ అని మొదలుపెట్టాను. కుప్పం వైపు పల్లె బడిలో పనిచేసే ఒకాయన చెయ్యెత్తి, ‘అనుకోవడం ఎందుకు సార్, పోయిన వారం మా బడి ప్రహరీ తోసేసి వెళ్ళింది’ అన్నారు. ఆ తర్వాత అరగంట నా పాఠం ఎవరూ వినలేదు. ఎవరి పొలంలో అరటి పోయింది, ఎవరి చెరకు పోయింది, రాత్రి టపాసులు ఎవరు కాల్చారు, అదే చర్చ. వాళ్ళ బాధ అలాంటిది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం మొదలుపెట్టాయి. 1990లో 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అయినా గీత గీసినంత మాత్రాన ఏనుగు ఆగదు కదా, పొలాల మీద పడుతూనే ఉన్నాయి. 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర పెట్టారు, అడవి ఏనుగులను మళ్ళించడానికి.

బస్సులో తిరిగొస్తూ ఆలోచిస్తే తెలిసింది, నా పాఠంలో తప్పెక్కడుందో. నేను ఏనుగు ఎంత పెద్దదో చెబుతూ పోయాను. ఈ జాతీయంలో అసలు సంగతి ఏనుగు పరిమాణం కాదు, చుట్టూ కూర్చున్నవాళ్ళ మౌనం. పలమనేరులో ఏనుగు వస్తే మౌనంగా ఉండేవాడు ఎవడూ ఉండడు. డబ్బాలు మోగుతాయి, ఫోన్లు మోగుతాయి. అందుకే అక్కడ ఆ పోలిక పండలేదు. ఏనుగు గదిలో నిలబడి ఉండాలి, దాని తొండం కాఫీ కప్పులకు తగులుతూ ఉండాలి, మనం మాత్రం వాతావరణం గురించి మాట్లాడుకోవాలి. అప్పుడే అది ఈ జాతీయంలోని ఏనుగు.

నేను పనిచేసిన రోజుల్లో ఒక కళాశాల సమావేశానికి వెళ్ళాను, పేరు అనవసరం. మూడు గంటలు కూర్చున్నాం. వార్షికోత్సవానికి షామియానా ఎవరిది, స్వాగతద్వారం మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలి, ముఖ్య అతిథికి శాలువాతో పాటు లడ్డూ ప్రసాదం ఇవ్వాలా, జ్ఞాపిక ఇవ్వాలా. మొదటి సంవత్సరం తరగతుల్లో సగం బల్లలు ఖాళీగా ఉన్నాయన్నది గదిలో ఉన్న పద్నాలుగు మందికీ తెలుసు. ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరి ఉద్యోగం ఎగురుతుందో అన్న భయం. ‘పిల్లి మెడలో గంట ఎవరు కడతారు’ అన్నది ఆ భయాన్ని చెబుతుంది. ‘కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది’ అన్నది ఎందుకు ఎత్తకూడదో చెబుతుంది. ఆ నిశ్శబ్దానికి మాత్రం మనకు సరిగ్గా అతికే జాతీయం లేదనే అనుకుంటాను. ‘బహిరంగ రహస్యం’ అంటారు కొందరు. కానీ బహిరంగ రహస్యాన్ని జనం కాఫీ హోటల్లో చెవులు కొరుక్కుంటూ హాయిగా చెప్పుకుంటారు. గదిలో ఏనుగును ఎవరి ముందు చెప్పాలో వాళ్ళ ముందే చెప్పకుండా మింగుతారు.

దీని పుట్టుక గురించి ఒక్క మాట. ఇవాన్ క్రిలోవ్ అనే రష్యా కథాకవి 1814లో ఒక చిన్న నీతికథ రాశాడు. ఒకాయన మ్యూజియం మొత్తం తిరిగి సీతాకోకచిలుకలు, పురుగులు, గుండుసూది తల కన్నా చిన్న కీటకాలు కూడా చూశానని మురిసిపోతాడు. మరి ఏనుగును చూశావా అని మిత్రుడు అడిగితే, గమనించలేదంటాడు. అక్కడ ఏనుగు కనిపించనే లేదు. ఇప్పటి ఇంగ్లీషు వాడుకలో ఏనుగు అందరికీ కనిపిస్తుంది, కనిపించనట్టు ఉంటారు. తేడా చిన్నదే గాని నాకు ఈ రెండోది ఇంకా భయంకరంగా అనిపిస్తుంది.

పరీక్ష కోసం కొన్ని పొడి సంగతులు. ‘వైట్ ఎలిఫెంట్’కు ముందు మామూలుగా ‘ఎ’ వస్తుంది, బహువచనమూ వాడవచ్చు. ఏదైనా అలా ‘మారింది’, ‘తేలింది’ అనే క్రియలతో ఎక్కువగా కలుస్తుంది. ‘ఎలిఫెంట్ ఇన్ ద రూమ్’కు ముందు దాదాపు ఎప్పుడూ ‘ద’ ఉంటుంది, ఎందుకంటే గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఆ ఒక్క ఏనుగే కాబట్టి. దానితో వచ్చే క్రియలు పట్టించుకోకపోవడం, ప్రస్తావించడం లాంటివి. జవాబుల్లో ‘అరుదైన జంతువు’, ‘గొప్ప సంపద’, ‘పనికిరాని వస్తువు’, ‘నిర్వహణ ఖర్చు ఎక్కువై యజమానికి భారమైన ఆస్తి’ అని నాలుగు ఇస్తే చివరిది పెట్టండి. మీరు మూడోదాని దగ్గర ఆగిపోయారు. వాడని వ్యాయామ యంత్రం మీద బట్టలు ఆరేసుకుంటే అది పనికిరాని వస్తువు, రేపు పాతసామాన్లవాడికి ఇచ్చేయవచ్చు. అదే తేడా.

మీరు అడగని ప్రశ్న ఒకటి, నా విద్యార్థులు తరచూ అడుగుతారు: ఒకే వస్తువు రెండు ఏనుగులూ కావచ్చా? కావచ్చు. మా ఇంట్లోనే ఉంది.

చంద్రగిరి దగ్గర పల్లెలో మా తాత కట్టించిన మిద్దె ఉంది. పాత మద్రాసు మిద్దె, టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టింది. పదిహేనేళ్ళుగా అందులో ఎవరూ ఉండటం లేదు. ఏటా అక్టోబరు వానలకు ముందు పైకప్పుకు పూత వేయించాలి, గోడ పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలు పీకించాలి, చెదలమందు కొట్టించాలి, దీపం పెట్టి వాకిలి ఊడ్చే అవ్వకు నెలనెలా ఇవ్వాలి. వాడని కరెంటుకు కూడా బిల్లు వస్తుంది. పోయిన ఏడాది నా వంతుకు 38 వేలు అయింది. అమ్ముదామంటే నలుగురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు, పత్రాలు ఇంకా తాత పేరు మీదే ఉన్నాయి. చిన్న తమ్ముడికి అమ్మ ఆ ఇంట్లోనే కన్నుమూసిందన్న పట్టింపు. మా ఇంటావిడకు ఇంగ్లీషు జాతీయాలతో పనిలేదు. ‘మీ నలుగురూ కలిసి ఐరావతాన్ని మేపుతున్నారు’ అంటుంది.

ప్రతి సంక్రాంతికి అందరం అక్కడే కలుస్తాం. వరండాలో వరుసగా కూర్చుని భోజనం చేస్తాం. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, తిరుపతిలో స్థలాల ధరలు, అన్నీ వస్తాయి. ఈ ఇంటిని ఏం చేద్దామన్నది మాత్రం ఎవరి నోటా రాదు. వరుసలో నలుగురి మనసులోనూ అదే ఉంటుందని నలుగురికీ తెలుసు.

మొన్న పండక్కి నవంబరు వానల దెబ్బ చూడమని మేస్త్రీని పిలిపించాం. మేము ఆకుల ముందు కూర్చుని ఉండగా అతను నిచ్చెన దిగి వచ్చాడు. చేతులు దులుపుకుంటూ, ‘నడిమి దూలం పుచ్చిపోయింది అయ్యవారూ. మార్చాలి. నన్నడిగితే ఇంత డబ్బు పోసే బదులు ఇల్లు అమ్మేసుకోవడం మేలు’ అన్నాడు.

ఎవరూ తల ఎత్తలేదు. చిన్న తమ్ముడు పొంగలిలో మిరియం వెతుకుతున్నాడు. కాసేపటికి మా పెద్దన్న గొంతు సవరించుకుని అడిగాడు.

‘దూలానికి ఎంతవుతుంది మేస్త్రీ?’